సగం ముఖం రంపానికి, సగం ఉలికి

పక్క వాటాలో వడ్రంగి పని మొదలై మూడు రోజులైంది. ఇవాళ పొద్దున టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నానో లేదో, గోడకు అవతల సన్నరంపం కదలడం మొదలైంది. దుంగలు కోసే రంపం కాదు, అంచులు సరిచేసే చిన్నది. కాసేపటికి అది ఆగి, ఉలి మీద సుత్తి దెబ్బ పడింది. టక్, టక్. మళ్ళీ టక్, టక్. టీ గ్లాసు కింద పెట్టేశాను. నాకు డెబ్బై ఏళ్ళు దాటాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆపరేషన్ థియేటర్లలో పనిచేసినదాన్ని, చప్పుళ్ళకు ఉలిక్కిపడే మనిషిని కాదు. అయినా ఈ రెండు చప్పుళ్ళు ఒకదాని వెనక ఒకటి వినబడితే ఇప్పటికీ చేస్తున్న పని ఆగిపోతుంది. డాక్టర్ మొయిజ్ సాబ్ గుర్తొస్తారు. ఆయన గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఆయన చేతి కింద పనిచేసిన మేమే ఇప్పుడు ఒకరిద్దరం మిగిలాం. ఆయన గొప్పతనం చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

డెబ్బైలలో పాతబస్తీలోని ఒక ఆసుపత్రిలో నాకు నర్సు ఉద్యోగం దొరికింది. మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ వెనక, మా బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. నన్ను ముఖం ఆపరేషన్లు చేసే థియేటర్లో వేశారు. అప్పట్లో ముక్కు ఆపరేషన్ అంటే సినిమావాళ్ళ సోకు అనుకునేవారు. మా దగ్గరకు వచ్చేవాళ్ళు వేరు. తాలీం గోదాలో కుస్తీ పడుతూ ముక్కు విరగ్గొట్టుకున్న పహిల్వాన్లు, స్కూటర్ మీంచి పడ్డవాళ్ళు, చిన్నప్పుడు డాబా మీంచి పడి ముక్కు వంకరపోయిన ఆడపిల్లలు. ఎముక వంకరగా అతుక్కున్నాక దాన్ని సరిచేయాలంటే ఒకటే దారి: మళ్ళీ కోయాలి.

ఆ సంగతి నాకు మొదటిరోజు తెలియదు. ఆపరేషన్ అంటే చర్మం కోయడం, కుట్టడం అనుకున్నాను. ఆ రోజు బల్ల మీద ఉన్నది ఒక కుర్ర పహిల్వాను. మొయిజ్ సాబ్ పొడుగ్గా, సన్నగా, గడ్డం నెరిసి, మాస్కు వెనక కళ్ళు మాత్రమే కనిపించే మనిషి. వేలు వెడల్పు కూడా లేని రంపం ఆ కుర్రాడి ముక్కు రంధ్రంలోకి పెట్టి లాగడం మొదలుపెట్టారు. మనిషి ముఖంలోంచి వడ్రంగి కొట్టు చప్పుడు వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. రక్తంతో కలిసి తెల్లని పిండిలాంటిది బయటకు వచ్చింది. అది ఎముక పొడి అని అర్థమైన క్షణం వరకే నాకు గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి సింకు పక్కన నేల మీద ఉన్నాను. ఆపరేషన్ అయిపోయాక ఆయనే టీ తెచ్చి నా ముందు పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పడ్డవ్. మంచిదే," అన్నారు. "పడే ముందు మూడడుగులు ఎనకకు పోయినవ్, నేను చూసిన. ఆపరేషన్ గుడ్డలు ముట్టలే, ఎవరి మీద పడలే. గంత ఫికర్ ఉన్న మనిషి థియేటర్ల పనికొస్తది. చాయ్ తాగు."

నన్ను ఇంటికి పంపేస్తారనుకున్నాను. ఆయనేమో ఆ శనివారం మధ్యాహ్నం మేక తలకాయ ఒకటి తెప్పించి, నన్ను పక్కన నిలబెట్టుకుని పాఠం చెప్పారు. ఆ పాఠం ఇప్పటికీ మాటకు మాట చెప్పగలను.

"ముక్కు గుడిసె లెక్క. రెండు దిక్కుల గోడలు, మీద కొప్పు. కొప్పు ఎత్తుగుంటే చెక్కుతం. చెక్కినంక మీద సందు పడతది. గోడలను అడుగుకాడ కోసి లోపలికి జరిపితే ఆ సందు మూసుకుంటది. వంకర ముక్కుకైతే ఒక గోడ లోపలికి, ఇంకోటి బయటికి. పనంత ఆ అడుగు కోసుట్లనే ఉంది. ఎక్కడ కోసినవ్, దేంతోని కోసినవ్, గదే."

"సుత్తె, ఉలి వాడరా సాబ్?" అని అడిగాను.

"వాడెటోళ్ళున్నరు. నాకు నచ్చదు. రంపం నా చేతి మాట వింటది. సుత్తె దెబ్బ పడినంక ఎముక ఇష్టం."

ఇలా ఆయన దగ్గర మూడేళ్ళు గడిచాయి. నేను పడిపోవడం మానేశాను. ఆయన చేయి చాపకముందే ఏ పనిముట్టు కావాలో తెలిసిపోయేది. మా ఇంట్లో ఆయన మాట ఎంత ఎత్తేదాన్నంటే, మా బాపు నవ్వి, "మీ డాక్టర్ సాబ్ చెప్తే రైలు గూడ ఆగుతదేమో," అనేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. నిజమేననిపించేది.

అప్పుడు డాక్టర్ శ్రీధర్ వచ్చారు. వయసు ముప్ఫై కూడా లేదు. వేరే ఊళ్ళో చదివి, వేరే పద్ధతి నేర్చుకుని వచ్చారు. ఆయన పెట్టెలో ఒక ఉలి ఉండేది, దాని మొన బియ్యపు గింజంత వెడల్పు. ముక్కు లోపలి నుంచి కాదు, చర్మం మీద చీమ కుట్టినంత గాటు పెట్టి, అందులోంచి ఆ ఉలి దించి, ఎముక మీద వరుసగా చుక్కలు చుక్కలుగా కొట్టాలట. పోస్టల్ స్టాంపు అంచులా ఎముక పొడుగునా చిల్లులు పడ్డాక బొటనవేలితో నొక్కితే విరిగి లోపలికి జరుగుతుందట.

"రంపం పట్టాలంటే ఎముక మీది పొరను మొత్తం లేపాలి సార్. అక్కడే రక్తం, అక్కడే వాపు," అన్నారు ఒకరోజు శ్రీధర్. "దీంతో పొర చిరగదు. ఎముకను ఆ పొరే పట్టుకుని ఉంటుంది. ఇంకో సంగతి, రంపం అడుగు నుంచి తిన్నగా కోస్తుంది. ఉలితో అయితే అడుగున చిన్న ముక్క వదిలేసి పైనుంచి మొదలుపెట్టొచ్చు. ఆ ముక్క కదలకపోతే ఊపిరి దారి ఇరుకవ్వదు."

మొయిజ్ సాబ్ కోప్పడతారని చూశాను. ఆయన ఆ ఉలి అందుకుని మొన తడిమి చూశారు. చివరికి, "నాకు నేర్పిస్తవా?" అన్నారు.

నేను నిర్ఘాంతపోయాను. ఆ వయసులో, ఆ చేయి తిరిగిన మనిషి, తన కొడుకు వయసు వాడి పక్కన నిలబడి మేక తలల మీద ఉలి పట్టడం నేర్చుకున్నారు. రెండు నెలలు, ప్రతి శనివారం. శ్రీధర్ ఉలి పట్టే కోణం సరిచేస్తుంటే నాకు ఒళ్ళు మండేది. అంతకంటే ఎక్కువ మండింది ఇంకో రోజు. థియేటర్ తలుపు దగ్గర శ్రీధర్ ఎవరితోనో నవ్వుతూ, "పెద్దాయన రంపం ఇక అద్దాల బీరువాలో పెట్టాలి," అనడం విన్నాను. ఆ మాట మొయిజ్ సాబ్‌కి చెప్పలేదు. మనసులో మాత్రం పెట్టుకున్నాను.

నేర్చుకున్నాక ఆయన తీసుకున్న నిర్ణయం విని ఆసుపత్రి అంతా విస్తుపోయింది. ఒకే మనిషి ముక్కుకు ఒక పక్క రంపంతో, ఇంకో పక్క ఉలితో కోస్తానన్నారు. మనిషికీ మనిషికీ ఒళ్ళు వేరు, అందుకే ఒక్క మనిషిలోనే రెండూ చూడాలన్నారు. ముందు ఆ మనిషిని అడగందే చేయనన్నారు. మొదట ఒప్పుకున్నది ఫలక్‌నుమా నుంచి వచ్చిన ఒక దర్జీ. నేను అక్కడే ఉన్నాను.

"రెండిట్ల ఏది మంచిది సాబ్?" అని అడిగాడు దర్జీ.

"నాకు తెల్వదు," అన్నారు మొయిజ్ సాబ్. "తెలుసుకోనీకే చేస్తున్న. నీకు ఇష్టం లేకుంటే చెప్పు, నాకు అలవాటున్నట్టే చేస్త."

ఒక డాక్టరు నోటి నుంచి 'నాకు తెల్వదు' అన్న మాట వినడం నాకదే మొదటిసారి. దర్జీ కూడా నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత మెల్లగా, "నేను గూడ కొత్త కత్తెర పాత గుడ్డ మీదనే చూస్త సాబ్. కోయుండ్రి," అన్నాడు.

ఆ రోజే నన్ను థియేటర్లోంచి తీసి వార్డులో వేశారు. ఏం తప్పు చేశానో తెలియక ఏడుపొచ్చింది. సాబ్ గదిలోకి వెళ్ళి అడిగేశాను.

"తప్పు గాదు బేటా. నాకు నీ కండ్లు గావాలె," అన్నారు. బల్ల సొరుగులోంచి గట్టి అట్ట పుస్తకం ఒకటి తీసి ఇచ్చారు. "ఏ దిక్కు రంపం, ఏ దిక్కు ఉలి, నీకు తెల్వద్దు. రెండు దిక్కుల ఒక్కతీరు పట్టీలు వేస్త. నువ్వు రోజూ చూసింది రాయి. కన్ను కింద నలుపు ఎంత దూరం దిగింది. వాపు ఎన్నడు తగ్గింది. ముక్కుల పెట్టిన గుడ్డలు తీసినంక ఊపిరి ఏ దిక్కు ఎంత వస్తుంది. నీకు తెలిస్తే నీ కన్ను నీ మనసు మాట వింటది. తెల్వకుంటే ఉన్నది చూస్తది."

ఊపిరి చూడడానికి ఒక మెరుగుపెట్టిన స్టీలు పళ్ళెం ఇచ్చారు. దాన్ని నీళ్ళలో చల్లబరిచి ముక్కు కింద పట్టాలి. ఊపిరి వదిలితే రెండు ఆవిరి మచ్చలు పడతాయి, కుడిదొకటి, ఎడమదొకటి. ఆ మచ్చలు ఎంతున్నాయో అంత పుస్తకంలో గీయాలి.

నేను రాశాను. ఎముక కోసినవాళ్ళ ముఖం రెండో రోజుకి ఎలా మారుతుందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. కళ్ళు మూసుకుపోతాయి. నలుపు బుగ్గల మీదికి దిగుతుంది. తర్వాత అది ఊదారంగై, పచ్చబడి, రెండు వారాలకు పోతుంది. రెండు దిండ్లు పెట్టి తల ఎత్తుగా పడుకోబెట్టాలి, చీదనివ్వకూడదు, వంగనివ్వకూడదు. ఆ దర్జీకి, ఆ తర్వాత వచ్చిన ఇద్దరికీ ఒక పక్క నలుపు గడ్డం దాకా వచ్చింది. ఇంకో పక్క కంటి కింద ఆగిపోయింది. అంత తేడా ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

మూడో మనిషి దగ్గర నేను పట్టీ అంచు లేపి చూశాను. అతను నిద్రలో ఉన్నాడు. వార్డులో ఎవరూ లేరు. నలుపు తక్కువ ఉన్న పక్క, పట్టీ కింద, చీమ కుట్టినంత గాటు ఉంది. అంటే ఉలి పక్క అది. సాబ్ రంపం పక్క ముఖం నల్లగా ఉబ్బి ఉంది. పట్టీ మళ్ళీ అంటించాను. అద్దాల బీరువా మాట చెవుల్లో మోగింది.

నలుపు దాచలేకపోయాను, అది అందరికీ కనబడుతోంది. కానీ నెల తర్వాత, రెండు నెలల తర్వాత వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు పళ్ళెం పట్టేది నేనొక్కదాన్నే. ఉలి పక్క మచ్చ రూపాయి బిళ్ళంత పడేది. రంపం పక్క మచ్చ గోరంత. వాపు ఇంకా పూర్తిగా తీయలేదు, తర్వాత అదే తెరుచుకుంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. పుస్తకంలో రెండు మచ్చలూ సమానంగా గీశాను. దర్జీకి అలాగే, మిగతావాళ్ళకూ అలాగే. మొదటిసారి చేయి ఆగింది. రెండోసారి ఆగలేదు.

లెక్క తేల్చే రోజు సాబ్ పుస్తకం ముందు పెట్టుకుని శ్రీధర్‌తో అన్నారు: "నలుపు నీ ఉలికే తక్కువ. ఒప్పుకుంట. కానీ ఊపిరి సమానమే ఉంది. నలుపు రెండు వారాలకు పోయేదే. ఊపిరి సమానమైతే, నాకు చేతికొచ్చిన రంపం ఎందుకు ఇడువాలె?"

శ్రీధర్ పుస్తకం తిరగేసి, మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. ఆ రోజు నేను ఇంటికి తేలిపోతూ నడిచివెళ్ళాను.

ఆ తర్వాత వచ్చింది రాజేశ్వరి. ఇరవై ఏళ్ళ పిల్ల. వాళ్ళది పాల వ్యాపారం. చిన్నప్పుడు బర్రె తల విసిరితే ముక్కు విరిగి, కుడి వైపు వంగి అతుక్కుంది. చిన్న బడిలో టీచరుగా చేరితే పిల్లలు వంకర టీచర్ అని పిలవసాగారు. వాళ్ళమ్మ లక్ష్మమ్మకు ఆపరేషన్ ఇష్టం లేదు. రాజేశ్వరి మాత్రం సాబ్ ముందు కూర్చుని, "పిల్లలు నా పాఠం ఇంటలేరు సార్, నా ముక్కు చూస్తున్నరు," అంది. సాబ్ రెండు పక్కలా రంపంతోనే కోశారు. వంకర తీయడమే కాక కొప్పు కూడా చెక్కారు, అందుకే రెండు గోడలూ బాగా లోపలికి జరగాల్సి వచ్చింది.

మూడో రోజు లక్ష్మమ్మ కూతురి ముఖం చూసి గోడకు చేరగిలబడింది. "గిట్లయిందేంది బిడ్డా. ఇది నా బిడ్డ మొఖమేనా," అని నన్నే అడిగింది. అందరికీ అంతే, తగ్గిపోతుంది అన్నాను. ఎనిమిదో రోజు ముక్కు మీది ప్లాస్టరు తీశాం. ఉబ్బు కింద నుంచి గీత గీసినట్టు తిన్నని ముక్కు కనబడింది. రాజేశ్వరి చేతి అద్దం పట్టుకుని నవ్వలేదు, ఏడవలేదు. అద్దాన్ని దగ్గరికి, దూరానికి జరుపుతూ, పక్కకు తిరిగి, మళ్ళీ చూసుకుంది. "నేనేనా సిస్టర్," అంది. వెళ్ళేటప్పుడు నా చేతిలో పాలకోవా పొట్లం పెట్టింది.

ఐదు నెలలకు తిరిగొచ్చింది. ముక్కు అందంగానే ఉంది. నోరు మాత్రం తెరిచి ఉంది.

"ఊపిరి ఆడుతలేదు సిస్టర్," అంది. ఆ మూడు మాటలకే మధ్యలో ఆగింది. "బడిల పద్యం చెప్తుంటె సగంల ఆగిపోతున్న. నోటితోని పీల్చుకుని మళ్ళ చెప్తున్న. పిల్లలు నవ్వుతున్నరు. పండుకుంటె గొంతు ఎండిపోయి లేస్తున్న."

సాబ్ తనే పళ్ళెం చల్లబరిచి ముక్కు కింద పట్టారు. రెండు మచ్చలు పడ్డాయి, పెసరగింజలంత. ఆయన పళ్ళెం తుడిచి మళ్ళీ పట్టారు. మళ్ళీ అంతే. ముక్కు లోపల లైటు వేసి చూశారు. గోడలు అడుగున దగ్గరికొచ్చి దారి మూసేశాయి. శ్రీధర్ చెప్పింది అక్షరాలా అదే.

"ముందటోళ్ళకు గిట్ల గాలేదు గద, సుగుణా?" అన్నారు నా వైపు తిరిగి. ఆయన గొంతులో అనుమానం లేదు. నిజంగానే అడిగారు.

నేను పళ్ళెం అందుకుని తుడిచాను. "పుస్తకంల సమానం ఉంది సాబ్," అన్నాను. అది అబద్ధం కాదు. అంతకంటే నీచమైనది.

రాజేశ్వరిని మర్నాడు రమ్మన్నారు. ఆ సాయంత్రం ఆయన పాత పేషెంట్లందరినీ మళ్ళీ పిలిపించడానికి పోస్టుకార్డులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"సాబ్, వాళ్ళకు గూడ గట్లనే ఉంది. రంపం దిక్కు," అన్నాను. "నేను చూసిన. చూసి, సమానమని రాసిన."

ఆయన కలం కార్డు మీదే ఉండిపోయింది. దాని కింద సిరా చుక్క పెద్దదవుతూ పోయింది.

"రంపం ఏ దిక్కో నీకెట్ల తెలుసు?"

"పట్టీ లేపి చూసిన."

"ఎందుకు?"

"మీరు గెలవాలె అని."

ఆయన చేతిలోంచి పనిముట్టు జారడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కలం మూత పెట్టబోతే అది జారి కింద పడింది. ముఖం మీద ఎవరో కొట్టినట్టు చూశారు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నాకు వీపు తిప్పి నిలబడ్డారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండనుకున్నాను.

"నేను గెలిస్తే ఆ పోరికి ఊపిరొస్తదా?" అన్నారు చివరికి, కిటికీ వైపే చూస్తూ. తర్వాత నా వైపు తిరిగి అన్నారు, "నీ పుస్తకం నేను నాలుగుసార్లు చదివిన. నలుపు కాడ రెండు దిక్కులు వేరువేరు. ఊపిరి కాడ మాత్రం రెండు మచ్చలు ఒక్క గాజు పెట్టి గీసినట్టున్నయి. మనిషి ముక్కుల రెండు దిక్కులు అంత సమానం ఎన్నడుండవు. గది నాకు తెల్వదా? తెలుసు. నాకు ఇష్టమైన మాట రాసి ఉండె, అందుకే అడగలే. నీది ఒక తప్పు. నాది ఇంకోటి."

వచ్చి కూర్చున్నారు. సిరా మరక పడ్డ కార్డు పక్కన పెట్టి కొత్తది తీసుకున్నారు. "అడ్రసులు చదువు," అన్నారు. నేను చదివాను, ఆయన రాశారు.

మర్నాడు రాజేశ్వరిని, లక్ష్మమ్మను తన గదిలో కూర్చోబెట్టారు. శ్రీధర్‌ను కూడా రమ్మన్నారు. కుర్చీలు చాలకపోతే ఆయనే నిలబడ్డారు.

"నీకు ఊపిరి ఆగనీకి కారణం నేను," అన్నారు. "ఎముక అడుగు దాకా కోసిన. కోయకుండ ఆపొచ్చు. గట్ల చేసే పద్ధతి ఈయనకు తెలుసు, నాకు గూడ నేర్పిండు. నేను ఇనలే."

అంతటితో ఆపేశారు. నా పేరు ఎత్తలేదు. ఎత్తరని అప్పుడు అర్థమైంది. ఆ నిశ్శబ్దంలో నేను దాక్కోవచ్చు. ఎవరికీ తెలియదు. తలుపు దగ్గర నిలబడ్డదాన్ని ముందుకు వచ్చాను.

"సాబ్‌కు తెల్వదు. నేను పుస్తకం మార్చి రాసిన," అన్నాను. ఏం రాయాలో, ఏం రాశానో మొత్తం చెప్పాను.

రాజేశ్వరి నన్నే చూసింది. కోపం కాదు అది. ఏదో లెక్క తెగనట్టు చూసింది. "నేను నిన్నేమన్న అన్ననా అక్కా?" అంది. "మరి నాకెందుకు చేసినవ్?"

ఆ పుస్తకంలో గీతలు గీసినప్పుడు ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. అసలు అలాంటి పిల్ల ఒకతి ఎక్కడో ఉందనీ, బర్రెల వెనకో, బడి గదిలోనో నడుస్తూ నా గీతల వైపే వస్తోందనీ ఊహించలేదు.

లక్ష్మమ్మ ఒకరి తర్వాత ఒకరిని మా ముఖాలు చూసింది. "డాక్టర్లు తప్పు ఒప్పుకుంటరని నాకు ఎర్కలేదు," అంది. "ఇప్పుడు నేనేం జెయ్యాలె? మిమ్ముల తిట్టాల్నా, మొక్కాల్నా, గది గూడ సమజైతలేదు."

"మళ్ళ కోసి గోడలు బయటికి జరపొచ్చు," అన్నారు సాబ్. "ఊపిరి వస్తది. ఎంత వస్తదో చెప్పలేను. ముక్కు మళ్ళ కొంచెం వంగొచ్చు. చేస్తే ఎవరు చెయ్యాల్నో నువ్వే చెప్పు బేటా."

రాజేశ్వరి వేలితో తన ముక్కు పొడుగునా రాసుకుంది, అద్దం లేకుండానే ఇంకోసారి చూసుకుంటున్నట్టు. "చిన్న డాక్టర్ చేయనీ," అంది. "మీరు పక్కనే ఉండుండ్రి."

ఆపరేషన్ రోజు సాబ్ నన్ను థియేటర్లోకి రమ్మన్నారు. శ్రీధర్ చర్మం మీద గాటు పెట్టి ఉలి దించారు. ఉలి పట్టుకున్నవాళ్ళు రెండో చేత్తో ఎముకను తడుముతూ ఉండాలి కాబట్టి సుత్తి వేరే మనిషి కొట్టాలి. మామూలుగా అది అందరికంటే చిన్నవాళ్ళు చేసే పని. మొయిజ్ సాబ్ చేయి చాపారు. నేను సుత్తి ఆయన చేతిలో పెట్టాను. సుత్తి అంటే అంత అయిష్టం ఉన్న మనిషి, శ్రీధర్ "కొట్టండి సార్" అన్నప్పుడల్లా రెండేసి దెబ్బలు, ఒక్కటి ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా కొట్టారు. టక్, టక్. ఉలి జరిగేది. టక్, టక్. ఎముక తెగేచోట ఆ చప్పుడు మారుతుంది, మందంగా అవుతుంది. అది వినబడగానే ఇద్దరూ ఒకేసారి ఆగేవారు. మాస్కు లోపల నా ముఖం తడిసిపోయింది, తుడుచుకోవడానికి లేదు.

ఈసారి మూడో రోజు నలుపు కళ్ళ కిందే ఆగింది. లక్ష్మమ్మ దగ్గరికొచ్చి కూతురి బుగ్గ ముట్టుకుని చూసి, "పోయినసారి గిట్ల లేకుండె గద," అంది. నేను తలెత్తకుండా దిండ్లు సర్దాను. గుడ్డలు తీసిన రోజు రాజేశ్వరి నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చింది. ఆగింది. ఇంకోసారి పీల్చింది. వాళ్ళమ్మ చేయి గట్టిగా పట్టుకుంది. కుడి పక్క పూర్తిగా, ఎడమ పక్క ముప్పావు వంతు వచ్చింది. ముక్కు మాత్రం మళ్ళీ కాస్త కుడికి వంగింది. మొదట్లో ఉన్నంత కాదు.

పోస్టుకార్డులు అందుకున్నవాళ్ళలో కొందరు వచ్చారు, కొందరు రాలేదు. వచ్చిన ప్రతి మనిషికీ సాబ్ తనే చెప్పారు, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నంత కష్టంగా. దర్జీ మళ్ళీ కోయించుకోనన్నాడు. ఒక దిక్కు బాగానే ఉంది, చాలన్నాడు. ఆ మాటకు సాబ్ తల దించుకున్నారు. ఆ తర్వాత ఎవరి ముక్కు మీదా ఆయన రంపం పట్టగా నేను చూడలేదు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. ఆయన మేట్రన్‌కు జరిగిందంతా రాసిచ్చారు, తన వంతుతో సహా. ఆరు నెలలు కట్లు కట్టే గదిలో పనిచేశాను. ఏడో నెల ఆయన పిలిపించి కొత్త అట్ట పుస్తకం చేతిలో పెట్టారు. నాకు నమ్మశక్యం కాలేదు.

"ఇంకెవరికన్న ఇయ్యుండ్రి సాబ్," అన్నాను.

"ఎవరికిస్త? వాళ్ళకు తెల్వదు గద," అన్నారు. "చూసింది ఒకటి, రాయబుద్ధయ్యేది ఒకటి అయినప్పుడు చెయ్యి ఎట్ల ఆగుతదో నీకు తెలుసు. అది తెలిసినోళ్ళే రాయాలె."

ఆయన రిటైరయ్యేదాకా, ఆ తర్వాత కూడా, ఆ పుస్తకాలు నేనే రాశాను. ఆయన పోయిన వార్త నాకు ఆలస్యంగా తెలిసింది. శ్రీధర్ గారే ఫోను చేసి చెప్పారు.

రాజేశ్వరిని మాత్రం చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి బేగంబజార్లో చూశాను. చూడకముందే విన్నాను. స్టీలు గిన్నెల దుకాణం ముందు ఒకావిడ దుకాణదారుతో వాదిస్తోంది, పోయినవారం కొన్న కుక్కరు మూత సరిగ్గా పట్టడం లేదని. సందు లేకుండా, ఊపిరి తెగకుండా, వాక్యం మీద వాక్యం. తిరిగి చూస్తే తనే. జుట్టులో తెల్లవెంట్రుకలు, ముక్కు కాస్త కుడికి. నన్ను గుర్తుపట్టి మాట ఆపేసింది. ఇద్దరం దుకాణం అరుగు పక్కకు జరిగాం. ఇప్పుడు హెడ్మాస్టరమ్మ అట. లక్ష్మమ్మ ఉందట, చెవులు సరిగా వినబడవట. ఆ పాత సంగతి తను ఎత్తదనుకున్నాను.

"ఇంకా రాస్తున్నవా అక్కా?" అంది.

"రాస్తున్న."

"చూసిందే రాస్తున్నవా?"

"చూసిందే."

ఆమె తల ఊపింది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. మూత చేతిలో పట్టుకుని మళ్ళీ దుకాణదారు వైపు తిరిగింది.

ఇప్పుడు నేను రాసేది మా ఆయన బీపీ, మా మనవరాలి జ్వరం, అంతే. అయినా నేను కోరుకున్న అంకె ఒకటై, కనబడ్డ అంకె ఇంకొకటైతే నా చేయి కాగితం మీద ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం పోతుందేమోనని చాలా ఏళ్ళు చూశాను. పోలేదు. చేయి ఆగిన ప్రతిసారీ కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూస్తాను. అప్పుడు కనబడిందే రాస్తాను.